చదువుకు అధికారి ఎవరు?

డబ్బు లేనివాడు యజ్ఞం చేయవచ్చా? జైమిని మీమాంసా సూత్రాల్లో ఆరో అధ్యాయం మొదటి పాదం ఇలాంటి ప్రశ్నలతోనే నడుస్తుంది. పూర్వపక్షి వాదన సూటిగా ఉంటుంది. యజ్ఞానికి నెయ్యి కావాలి, ధాన్యం కావాలి, ఋత్విక్కులకు దక్షిణ కావాలి. ఇవన్నీ సమకూర్చుకోగలవాడికే అధికారం, అంటే అర్హత, లేనివాడు ఆశపడి లాభం లేదు. సిద్ధాంతి దీనికి ఒప్పుకోడు. ధనం ఎవరినీ అంటిపెట్టుకుని ఉండేది కాదు, వస్తుంది, పోతుంది, ప్రయత్నిస్తే చేరుతుంది. ఇవాళ లేమిలో ఉన్నాడన్న కారణంతో ఒకడి అధికారాన్ని కొట్టివేయరాదంటాడు. అంగవైకల్యం సంగతీ ఆ వెనకే వస్తుంది. నయమయ్యే లోపమైతే అది అడ్డు కాదని తేలుతుంది, నయం కానిదైతే శాస్త్రం వెనకాడుతుంది. ఈ రెండింటికంటే ముందే, అదే పాదంలో, శూద్రుడి ప్రశ్న వచ్చి వెళ్లింది. అక్కడ సిద్ధాంతం తలుపు మూసేసింది. మూసేముందు మాత్రం ఒక భిన్నాభిప్రాయాన్ని దాచకుండా చెప్పింది: బాదరి అనే ఆచార్యుడు అందరికీ అధికారం ఉందన్నాడు. పేదరికాన్ని అంత ఉదారంగా చూడగలిగిన తర్కం పుట్టుక దగ్గర ఎందుకు బిగుసుకుపోయిందో మీమాంసకులు తమ పద్ధతిలో చెప్పుకున్నారు. ఆ సమాధానం నన్ను ఒప్పించదు. కానీ ప్రశ్నను విడగొట్టిన తీరు మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఒక మనిషిని చదువుకు దూరంగా ఉంచే కారణాల్లో ఏవి తొలగిపోయేవి, ఏవి తొలగనివి, ఏవి కేవలం మనం గీసిన గీతలు అని అది అడుగుతుంది.

ఉన్నత విద్య ఎవరికి అందాలి, చేరినవాళ్లు దాన్ని ఎలా ముగించాలి అని మనం ఇప్పుడు చేస్తున్న చర్చ అంతా ఆ పాత అధికార చర్చే. గౌతమికీ వసిష్ఠకీ మధ్య ఉన్న కోనసీమలో ఈ చర్చకు ప్రత్యేకమైన బరువు ఉంది. వేదాన్ని ఒక్క స్వరం జారకుండా తరతరాలుగా అప్పగించిన అగ్రహారాలు ఇక్కడే ఉన్నాయి. ఆ అగ్రహారాల పొలిమేర దాటితే, అక్షరం ముట్టుకోవడమే నేరమన్నట్టు బతికిన పేటలూ ఇక్కడే ఉన్నాయి. ఇవాళ ఈ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ. ఆ పేరు పెట్టడం మీద 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. చదువు ఎవరిదన్న ప్రశ్న ఈ నేలమీద పుస్తకాలకే పరిమితమై ఎన్నడూ లేదు. నేను చెప్పదలచుకున్నది ఇది: అర్హతను విద్యార్థి దగ్గర వెతకడం మన పాత అలవాటు. దాన్ని చెప్పేవాడి దగ్గర, చేర్చుకున్న సంస్థ దగ్గర వెతకాలి. ఒకరిని లోపలికి పిలిచిన క్షణం నుంచి పిలిచినవాడు ఋణగ్రస్తుడు. ఆ ఋణం విద్యార్థి చదువు ముగిసేదాకా తీరదు.

కోనసీమలో రెండు చదువుల సంప్రదాయాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి వేదపాఠం. ఇక్కడి కుటుంబాల్లో ఎక్కువగా వినిపించేది కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ శాఖ. అమెరికా పరిశోధకుడు డేవిడ్ నైప్ ఏళ్ల తరబడి ఈ ఘనపాఠీల ఇళ్లకు వచ్చిపోతూ వాళ్ల జీవితాల మీద రాసిన పుస్తకం 2015లో వెలువడింది. ఈ పాఠంలో మనం గమనించాల్సింది పద్ధతి. గురువు ఒకసారి సంథ చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు పలుకుతాడు. తప్పితే మళ్లీ చెబుతాడు. పనస అనే చిన్న వేదభాగం రాకుండా తర్వాతి పనసకు వెళ్లడమన్నది లేదు. సగటు మార్కులు లేవు, ముప్పై అయిదుకు పాస్ లేదు. నేర్చుకోలేదంటే చెప్పడం పూర్తి కాలేదనే అర్థం. మధ్యలో మానేసి ఇంగ్లీషు బడికి వెళ్లిపోయిన పిల్లలు లేరని కాదు, చాలామందే ఉన్నారు. కానీ ఉన్నవాడిని ఉన్నంతకాలం పట్టుకుని ఉండే పద్ధతి అది. లోపం ఎక్కడంటే గుమ్మం దగ్గర. ఆ శ్రద్ధ అంతా గుమ్మం లోపలివాళ్లకే, ఆ గుమ్మం కొద్ది కుటుంబాలకే. రెండోది కళాశాల చదువు. 1950ల మొదట్లో అమలాపురంలో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వచ్చింది. అంతకుముందు ఇక్కడి పిల్లలకు డిగ్రీ అంటే గోదావరి దాటి కాకినాడకో రాజమండ్రికో పోవడమే. ఆ తర్వాత కొత్తపేట, రాజోలు, రావులపాలెం, ముమ్మిడివరం ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు వచ్చాయి, వాటిచుట్టూ ప్రైవేటువి బోలెడు వచ్చాయి. గుమ్మం బార్లా తెరిచారు. లోపల మాత్రం సంథ చెప్పే మనిషి కరువయ్యాడు. ఒకచోట తలుపు మూసి ఉన్న శ్రద్ధ, మరోచోట శ్రద్ధ లేని తెరిచిన తలుపు. ఈ రెండింటినీ కలపడం ఎలాగన్నదే అసలు ప్రశ్న.

ఇందుకు ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలోని రెండు కథల్ని కలిపి చదవాలి. మొదటిదాన్ని అందరూ చెప్పుకుంటారు. సత్యకాముడు చదువుకోవాలనుకుని తల్లి జబాలను తన గోత్రమేమిటని అడుగుతాడు. యౌవనంలో నలుగురికీ పరిచర్యలు చేస్తూ తిరిగిన రోజుల్లో నువ్వు పుట్టావు, గోత్రం నాకు తెలియదు అంటుందామె. కుర్రవాడు హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్లి ఆ మాటే ఉన్నదున్నట్టు చెబుతాడు. గౌతముడు సమిధలు తెమ్మంటాడు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే కులధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్, టీసీ ఏవీ లేకుండా వచ్చిన దరఖాస్తు అది. దాన్ని తోసిపుచ్చకుండా, కుర్రవాడు చూపగలిగిన ఒకే ఒక్క గుణాన్ని ఆధారంగా తీసుకున్నాడు గురువు. ప్రవేశం గురించి మనవాళ్లు రాసే వ్యాసాల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. అసలు కథ ఆ తర్వాత ఉంది. చేర్చుకున్న గౌతముడు పాఠం చెప్పలేదు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవుల్ని అప్పగించి తోలుకుపొమ్మన్నాడు. అవి వేయి అయ్యేదాకా తిరిగి రానని కుర్రవాడు పట్టుబట్టి ఏళ్లకేళ్లు అడవిలో గడిపాడు. అతనికి చదువు చెప్పింది ఒక ఎద్దు, అగ్ని, ఒక హంస, ఒక నీటిపక్షి. తిరిగొచ్చినప్పుడు గురువు, నీ ముఖం తెలిసినవాడి ముఖంలా వెలుగుతోంది, ఎవరు చెప్పారు అని అడిగాడు. మనుషులు కానివాళ్లే చెప్పారు, కానీ మీరు చెబితేనే నాకు తృప్తి అన్నాడు శిష్యుడు.

రెండో కథలో ఆ సత్యకాముడే గురువు. అతని దగ్గర ఉపకోసలుడనే శిష్యుడు పన్నెండేళ్లు అగ్నులు కాశాడు. తోటివాళ్లందరికీ సమావర్తనం చేయించి ఇళ్లకు పంపాడు సత్యకాముడు, ఇతన్ని మాత్రం పంపలేదు. ఆయన భార్య కలగజేసుకుని, ఈ పిల్లవాడు శ్రద్ధగా సేవ చేశాడు, అగ్నులు నిన్ను తప్పుపట్టకముందే చెప్పవయ్యా అంది. ఆయన మాట వినకుండా ఊరు వెళ్లిపోయాడు. కుర్రవాడు దిగులుతో అన్నం మానేశాడు. ఎందుకు తినడం లేదని అడిగింది కూడా ఆమే. మనసు నానా దారుల్లో పోతోంది, రోగాలతో నిండిపోయి ఉన్నాను, తినలేను అన్నాడతను. చివరికి అతనిమీద జాలిపడి అగ్నులే విద్య చెప్పాయి. ఊరినుంచి వచ్చిన సత్యకాముడు తన గురువు తనను అడిగిన ప్రశ్నే అడిగాడు, నీ ముఖం వెలుగుతోంది, ఎవరు చెప్పారని. ఆనక మిగిలింది తాను చెప్పాడు.

ఈ రెండు కథల్నీ ఒకదాని వెనక ఒకటి పెట్టిన కూర్పరికి ఏ ఉద్దేశం ఉన్నా, నాకు ఇందులో మన కళాశాలల చరిత్ర కనబడుతుంది. గోత్రం లేకుండా వచ్చి, ఆవుల వెంట అడవుల్లో తిరిగి, ఎవరి సాయమూ లేకుండా చదువు గెలుచుకున్నవాడు గురుపీఠం ఎక్కాక తన శిష్యుడూ అలాగే గెలుచుకుంటాడని అనుకున్నాడు. పేదింటినుంచి, పేటనుంచి, గోదావరి లంకనుంచి వచ్చి స్వయంకృషితో లెక్చరరో ఆఫీసరో అయినవాళ్లలో కొందరి నోట వినే మాట కూడా ఇదే: మేం వీధిదీపాల కింద చదివాం, ఇప్పటివాళ్లకు అన్నీ ఇచ్చినా చదవరు. ఆ మాటలో దురుద్దేశం ఉండదు, అనుభవమే ఉంటుంది. కానీ గెలిచినవాడి అనుభవం గెలవనివాడి గురించి ఏమీ చెప్పదు. ఎద్దు పలకని సత్యకాములు ఎందరున్నారో ఏ ఉపనిషత్తూ లెక్కపెట్టలేదు. గురువు శిష్యుణ్ణి పరీక్షించాడని సంప్రదాయం సమర్థించవచ్చు. అలాంటి పరీక్ష ఒకటుందనే అనుకుందాం. అగ్నులు కరుణించకపోతే ఉపకోసలుడు ఏమయ్యేవాడు? అన్నం మానేసిన పిల్లవాడు అలాగే ఉండిపోయేవాడు. విద్యార్థి గట్టెక్కడాన్ని అద్భుతానికి వదిలేసిన సంస్థను పరీక్ష పెట్టిన సంస్థ అనలేం. ఆ ఇంట్లో సంస్థ చేయాల్సిన పని చేసింది పేరైనా నమోదు కాని ఆ గురుపత్ని ఒక్కతే. వీడు వెనకబడ్డాడని గమనించింది, పైవాడికి చెప్పింది, కుర్రవాణ్ణి ఎందుకు తినడం లేదని అడిగింది. మన కళాశాలల్లో ఈ మూడు పనులూ ఎవరి ఉద్యోగమో కాగితం మీద వెతికితే దొరుకుతుంది, మెంటర్ అనే పేరూ ఉంటుంది. ఒక్కో మెంటర్ తలమీద ఎంతమంది పిల్లలున్నారో, ఆ మెంటర్‌ది ఎన్ని నెలల కాంట్రాక్టో కూడా అడిగితే ఆ పని జరుగుతోందో లేదో తెలిసిపోతుంది.

ఇక్కడ శాస్త్రం తెలిసినవారు అభ్యంతరం చెబుతారు, చెప్పాలి కూడా. బ్రహ్మసూత్రాల్లోని అపశూద్రాధికరణంలో శంకరులు సత్యకాముడి కథను సరిగ్గా ఎదురు దిశలో వాడారు. కుర్రవాడు శూద్రుడు కాడని నిశ్చయించుకున్నాకే గౌతముడు ఉపనయనానికి పూనుకున్నాడు, కాబట్టి ఈ కథ అందరికీ తలుపు తెరవదు, తలుపు దగ్గర విచారణ ఉండాలనే చెబుతుంది అన్నది ఆయన వాదం. మూలంలో గౌతముడి మాట కూడా అందుకు వీలిస్తుంది, అబ్రాహ్మణుడు ఇంత నిజం చెప్పలేడనే అంటాడాయన. ఈ కథను సమానత్వ ప్రకటనగా చూపించే ఆధునికులు ఆ మాటను మింగేస్తారు. నేను మింగను. ఉపనిషత్తులో రిజర్వేషన్ల జీవో దొరుకుతుందని నా వాదన కాదు. నా వాదన ఇంకా చిన్నది. పుట్టుక తెలియనప్పుడు ఆ గురువు గుణంనుంచి పుట్టుకను ఊహించాడే గానీ, పుట్టుకనుంచి గుణాన్ని ఊహించలేదు. ఆ ఒక్క మలుపు చాలు, గీత ఎంత పలచనిదో తెలియడానికి. అదే అధికరణం చివర శంకరులే ఇతిహాస పురాణాల ద్వారా జ్ఞానం నాలుగు వర్ణాలకూ అందుతుందని ఒప్పుకున్నారు, విదురుణ్ణీ ధర్మవ్యాధుణ్ణీ తలచుకున్నారు. అంటే సామర్థ్యం లేదన్నది అభ్యంతరం కాదు, నిషేధం ఉంది కాబట్టి కుదరదన్నదే అభ్యంతరం. నిషేధం మనుషులు నిలబెట్టినది. భారత రాజ్యాంగం దాన్ని తీసేసింది. తీసేశాక పాత చర్చలో మిగిలేది ధనం లేమి, నయమయ్యే లోపం. ఆ రెండూ అడ్డు కావని చెప్పింది స్వయంగా జైమినే. నయం కాని లోపం దగ్గర ఆయన వెనకాడిన చోట మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ముందుకు వెళ్లింది. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో అయిదు శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించమంది.

ఋణం మాట కూడా ఈ నేల చదివే గ్రంథంలోదే. బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. ఋషిఋణం వాటిలో ఒకటి, అది బ్రహ్మచర్యంతో, అంటే విద్యార్థి జీవితంతో తీరుతుంది. ఆ శాఖకే చెందిన ఉపనిషత్తు శిక్షావల్లిలో ఆచార్యుడు హోమం చేస్తూ నలుదిక్కులనుంచీ విద్యార్థులు తన దగ్గరికి రావాలని వేడుకుంటాడు. చదువు ముగించి వెళ్లేవాళ్లకు చేసే ఉపదేశంలో, నేర్చుకోవడాన్నే కాక నేర్పడాన్నీ ఏమరవద్దని హెచ్చరిక ఉంటుంది. ఇందులో వేడుకునేది ఎవరో గమనించాలి. విద్యార్థి ప్రవేశం కోసం బతిమాలడం లేదు, గురువే విద్యార్థుల కోసం బతిమాలుతున్నాడు. ఆ ఋణభావం ఆనాడు ఒక చిన్న వృత్తంలోనే తిరిగిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ ఇవాళ అధ్యాపకుడి జీతం, కళాశాల కట్టడం, విశ్వవిద్యాలయ గ్రంథాలయం అన్నీ పన్ను కట్టిన ప్రతివాడి చెమటతో నడుస్తున్నాయి. కోడూరుపాడు కొబ్బరి దింపు కార్మికుడు అగ్గిపెట్టె కొన్నా అందులో ఒక వంతు అక్కడికే చేరుతుంది. వృత్తం పెరిగినప్పుడు ఋణమూ పెరగాలి కదా.

ఈ భావం నుంచే ఆచరణ పుట్టిన సందర్భాలు గోదావరి తీరంలో ఉన్నాయి. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజికుడు. ఏకేశ్వరవిశ్వాసం ఆయనకు ఆదివారపు ఉపన్యాసం మాత్రమే కాదు. ఆడపిల్లలకూ దళితులకూ కళాశాల తలుపు తెరిపించాడు. శిష్యుడైన పిఠాపురం రాజా సూర్యారావు చేత ఆ ఖర్చు పెట్టించాడు, హరిజన విద్యార్థులకు వసతిగృహమూ ఏర్పడింది. తలుపు తెరిస్తే చాలదనీ, తిండీ పడకా లేనిదే సీటు సీటు కాదనీ ఆనాడే అర్థమైందన్నమాట. ఆ తరంలోనే, 1911లో, రాజోలు దగ్గర మామిడికుదురులో పేద దళిత కుటుంబంలో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశాడు. పశువుల వెంట తిరిగే పాలేరు కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టర్ అవుతాడు అందులో. ఆ నాటకం చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడిలో వేసిన తల్లిదండ్రులున్నారని సాహిత్యచరిత్ర చెబుతుంది. ఒక పల్లెజనానికి అధికారభావం కలిగించడంలో శాస్త్రచర్చ చేయలేని పని నాటకం చేసింది. కానీ దాని విజయంలోనే ఒక చిక్కూ ఉంది. పాలేరు డిప్యూటీ కలెక్టర్ కావడం చూసినవాళ్లకు, మధ్యలో ఆగిపోయిన నలుగురు పాలేర్లు కనబడరు. అసాధారణుడి కథ తలుపు తెరవడానికి మంచి వాదం. తెరిచాక లోపలి ఏర్పాట్లకు దాన్నే కొలతగా పెట్టుకుంటే అది మళ్లీ ఉపకోసలుడి దగ్గరికే తీసుకుపోతుంది.

ఇప్పుడు వర్తమానం. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసువారితో పోల్చిన స్థూల నమోదు నిష్పత్తి దేశంలో 28.4. ఆంధ్రప్రదేశ్‌లో అది 36.5. దేశం మొత్తంమీద షెడ్యూల్డు కులాల్లో 25.9, తెగల్లో 21.2. జాతీయ విద్యావిధానం 2035 నాటికి 50కి చేరాలంటోంది. మన రాష్ట్రం సగటు కంటే ముందుండటంలో ఫీజు రీయింబర్స్‌మెంటు పాత్ర చాలా ఉంది. రాజశేఖరరెడ్డి ప్రభుత్వకాలంలో మొదలైన ఆ పథకం పేర్లు మారుస్తూ కొనసాగింది. 2020లో వసతి దీవెన కింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు తల్లి ఖాతాలో వేయడం మొదలైంది. జైమిని సిద్ధాంతాన్ని ప్రభుత్వ ఉత్తర్వుగా మార్చిన పథకాలివి, వాటిని తక్కువచేసి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ ఈ నిష్పత్తి చేరినవాళ్లను లెక్కపెడుతుందే గానీ ముగించినవాళ్లను లెక్కపెట్టదు. ధవళేశ్వరం దగ్గర హెడ్‌ స్లూయిస్ ఎత్తినంత మాత్రాన రాజోలు శివారు చేలకు నీరు చేరినట్టు కాదని కోనసీమ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మధ్యలో పూడికలు, గుర్రపుడెక్క, పై రైతుల మోటార్లు ఎన్నో ఉంటాయి. చదువు కాలువలో పూడికలూ అలాంటివే. ఫీజు బకాయి తీరలేదని సర్టిఫికెట్లు ఇవ్వని కళాశాల ఒకటి. జూలై, ఆగస్టుల్లో వరదకు కాజ్‌వేలు మునిగి లంకలనుంచి పడవలో రావాల్సిన పిల్లలకు పోయే హాజరు మరొకటి. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లి పంపిన డబ్బుతో అమ్మమ్మ దగ్గర పెరుగుతూ డిగ్రీ చదివే అమ్మాయికి, చెల్లెలి జ్వరం కూడా హాజరు సమస్యే. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. మారడం తప్పని నేననను. జిల్లా పరిషత్ బడిలో తెలుగులో చదివి వచ్చిన పిల్లవాడు మొదటి సెమిస్టర్‌లో తడబడితే అది నయమయ్యే లోపమని గుర్తించి వైద్యం చేశామా అన్నదే నా ప్రశ్న. చేయలేదు. బ్యాక్‌లాగ్ అని పేరుపెట్టి ఆ లోపాన్ని అతని ఖాతాలో రాశాం.

వైద్యం కుదురుతుందనడానికి నిదర్శనం ఉంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో తన రెండేళ్ల కళాశాలల్లో ఏసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పునాది పాఠాలు అవసరమైన పేద విద్యార్థులను యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విడదీసి ఎండీఆర్‌సీ అనే సంస్థ అధ్యయనం చేసింది. ఒక జట్టుకు మామూలు చదువు. రెండో జట్టుకు మిగిలిన ఫీజు మాఫీ, పుస్తకాలు, నగర రవాణా పాస్, కొద్దిమంది విద్యార్థులనే చూసుకునే సలహాదారు ఇచ్చారు, ఆ సలహాదారును తరచూ కలవాలన్న నియమమూ పెట్టారు. మూడేళ్లు గడిచేసరికి మామూలు జట్టులో 22 శాతం, రెండో జట్టులో 40 శాతం పట్టా అందుకున్నారు. వాళ్లూ వీళ్లూ ఒకే రకం పిల్లలు, ఒకే పేటల పిల్లలు, చీటీ తీసినట్టు ఎంపికైనవాళ్లు. తేడా పిల్లల్లో లేదు, పట్టుకున్న చేతిలో ఉంది. అర్హత అనేది చదువుకు ముందే విద్యార్థి వెంట వచ్చే సరుకు అన్న నమ్మకానికి ఇంతకంటే గట్టి దెబ్బ నాకు కనబడలేదు. ఆ కార్యక్రమంలో విద్యార్థి మీద షరతులూ ఉన్నాయి, పూర్తికాలం చదవాలి, సలహాదారును తప్పించుకోకూడదు. ఋణం గురువుదంటే శిష్యుడు కాళ్లుచాపుకు కూర్చోవచ్చని కాదు.

ప్రతిభ మాట వస్తుంది. సామర్థ్యం లేనివాళ్లను చేర్చి, చేర్చినవాళ్లందరినీ గట్టెక్కించాలంటే ప్రమాణాలు పడిపోవా? పాస్ చేయించడమే గట్టెక్కించడమైతే తప్పక పడిపోతాయి, ఇప్పటికే పడిపోయాయి కూడా. పరీక్షకు ముందు గైడు, పరీక్షలో స్లిప్పు, తర్వాత గ్రేస్ మార్కు అన్నది ఏ గుమ్మం దగ్గరా ఎవరినీ ఆపలేదు. నేను అడిగేది దానికి ఎదురైనది. పనస రాకుండా తర్వాతి పనసకు వెళ్లని వేదగురువు ప్రమాణం తగ్గించలేదు, సమయం పెంచాడు. మనం సమయాన్ని మూడేళ్లకు బిగించి ప్రమాణాన్ని సాగదీశాం. దీనికి తోడు మతం పేరున మరో అభ్యంతరం మెల్లగా వినిపిస్తుంది: ఎవరి పూర్వజన్మ సంస్కారం వారిది, బుద్ధి కర్మానుసారిణి, గురువు ఏం చేయగలడు? కర్మసిద్ధాంతాన్ని ఒప్పుకునే మాట్లాడదాం. అది జరిగినదానికి కారణం చెబుతుంది, జరగాల్సినదాని నుంచి ఎవరినీ తప్పించదు. శిష్యుడి మందబుద్ధి అతని కర్మ అయితే, ఆ శిష్యుడికి చెప్పాల్సిరావడం గురువు కర్మ. ఒకరి కర్మను చూపించి ఇంకొకరు తమ కర్తవ్యం ఎగ్గొట్టడానికి ఏ దర్శనమూ వీలివ్వలేదు. ఈ అభ్యంతరం ఎప్పుడూ పక్కింటి పిల్లవాడి గురించే వస్తుంది. తమ పిల్లవాడి విషయంలో పూర్వజన్మను నమ్ముకున్న తల్లిదండ్రుల్ని కార్పొరేట్ కోచింగ్ సెంటర్లు ఇంకా చూసి ఉండవు.

దీనికంటే బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని కోనసీమ రోజూ కళ్లతో చూస్తుంది. డిగ్రీ పట్టా పట్టుకుని గల్ఫ్‌లో డ్రైవింగుకు వెళ్లేవాళ్లున్నారు, ఆక్వా చెరువుల దగ్గర మేత లెక్కలు రాసేవాళ్లున్నారు. ముగించి మాత్రం ఏం సాధించారు? అందరినీ డిగ్రీలోకి తోయడం కంటే మంచి పనితనం నేర్పితే మేలు కాదా? ఈ మాటలో సగం నిజం నేను ఒప్పుకుంటాను. డిగ్రీయే చదువు కాదు, చేరనివాడు తక్కువవాడూ కాడు. కానీ ఈ సలహా ఎవరి పిల్లలకు ఇస్తున్నామో చూసుకోవాలి. అమలాపురం లాయరుగారి అబ్బాయికి ఎవరూ వెల్డింగు సలహా ఇవ్వరు. పైగా, నేర్చుకోవడం ఫలం కోసమేనా అన్నది మన తత్త్వశాస్త్రం బాగా నలిపిన ప్రశ్న. మీమాంసకుడి దృష్టిలో అధ్యయనం పరమార్థం అర్థం చేసుకోవడం. ఉద్యోగం దొరకలేదు కాబట్టి చదువు వృథా అనేవాడు తన చదువునూ అలాగే కొలుచుకున్నాడని తెలుస్తుంది. చేరాలా వద్దా అన్న నిర్ణయం విద్యార్థిది. చేర్చుకున్నాక వదిలేసే స్వేచ్ఛ సంస్థకు లేదన్నదే నా పట్టు.

వదిలేసినవాడు తిరిగి రావడానికి దారి ఉండటం కూడా ఆ ఋణంలో భాగమే. ఈ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆయన చదువే సాక్ష్యం. బరోడా సంస్థానం విద్యార్థివేతనంతో 1913లో కొలంబియాకు వెళ్లిన అంబేడ్కర్ 1916లో లండన్ చేరాడు. వేతనం గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలోనే తిరిగి రావాల్సివచ్చింది. మన రిజిస్టర్లలో అయితే ఆయన పేరు పక్కన ఒక గీత పడేది. లండన్ విశ్వవిద్యాలయం నాలుగేళ్లలోపు వచ్చి కొనసాగించుకోవచ్చని అనుమతి ఇచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయంతో, స్నేహితుడి దగ్గర అప్పుతో 1920లో మళ్లీ ఓడ ఎక్కి, 1923లో డీఎస్సీ అందుకున్నాడు. ఆయన మేధ ఎంతటిదైనా, ఆ నాలుగేళ్ల అనుమతి లేకపోతే రూపాయి సమస్య మీద ఆ సిద్ధాంతగ్రంథం వచ్చేది కాదు. రెండో ఏడు పెళ్లయి వెళ్లిపోయిన ముమ్మిడివరం అమ్మాయి అయిదేళ్ల తర్వాత మళ్లీ వస్తే ఏ సిలబస్‌లో కూర్చోబెట్టాలో మన దగ్గర స్పష్టంగా చెప్పగలిగే గుమాస్తా ఎక్కడున్నాడు? క్రెడిట్లను దాచుకునే ఏర్పాటు జాతీయ విద్యావిధానం తెచ్చింది. అది కంప్యూటర్లో ఉంది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పే మనిషి లేడు.

ఖర్చు సంగతి తేల్చకుండా ఇదంతా పండితవాదమవుతుంది. న్యూయార్క్ కార్యక్రమంలో ఒక్కో విద్యార్థి మీద మామూలుకంటే బాగా ఎక్కువే ఖర్చయింది. అయితే ఒక్కో పట్టాకు అయిన ఖర్చు లెక్కేస్తే తక్కువ తేలింది, ఎందుకంటే మధ్యలో పోయినవాళ్లమీద పెట్టిన డబ్బంతా మామూలు పద్ధతిలో వృథాయే. మన ప్రభుత్వమూ మధ్యలో మానేసిన ప్రతి విద్యార్థికీ అప్పటిదాకా ఫీజు కట్టింది. ఆ డబ్బుకు జవాబుదారీ ఎవరు? పథకం నియమాల్లో విద్యార్థికి 75 శాతం హాజరు షరతు ఉంది. చేరినవాళ్లలో ఎంతమందిని చివరిదాకా నిలుపుకున్నారన్న షరతు కళాశాలకు లేదు. కళాశాలల నాణ్యతను అంచనా వేసే న్యాక్ ఉత్తీర్ణతశాతం అడుగుతుంది. చివరి సంవత్సరం పరీక్షకు కూర్చున్నవాళ్లను కింద, పాసైనవాళ్లను పైన పెట్టి భాగిస్తారు. మొదటి ఏడు వందమంది చేరి, నలభైమంది జారిపోయి, అరవైమంది పరీక్ష రాసి యాభైనాలుగురు నెగ్గితే ఆ కళాశాల ఫలితం తొంభై శాతం. జారిపోయిన నలభైమంది హారంలో లేరు, లవంలో లేరు. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలోని ప్రతి కళాశాలా హారంలో మొదటి ఏడాది ప్రవేశ రిజిస్టరును పెట్టి, ఆ అంకెను గేటు దగ్గర నోటీసు బోర్డులో ఏటా అంటించాలి. దానికి కొత్త పథకం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. రిజిస్టరు ఇప్పటికే ఆఫీసు బీరువాలో ఉంది.